పత్తి విత్తనం గురించి ఒక అబద్ధం

వ్యవసాయ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలో రైతులతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదని చెబితే అదే మరో అబద్ధమవుతుంది. ఎరువులు రేపు వస్తాయని చెప్పాను, రాలేదు. అర్జీ పైకి పంపేశానని చెప్పాను, అది నా సొరుగులోనే ఉండిపోయింది. అలాంటివి రైతులూ మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను. ఒక్కటి మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పమని అడిగారు. ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

అప్పటికి రాష్ట్రం విడిపోయి మూడు నాలుగేళ్ళయింది. విజయనగరం జిల్లాలో, ఒడిశా కొండల అంచున ఉన్న ఒక మండలానికి నేను వ్యవసాయాధికారిని. రిటైర్మెంటు రెండేళ్ళ దూరంలో ఉంది. అక్కడి మెట్ట భూముల్లో ఒకప్పుడు చోళ్ళు అనే రాగులు, గోగు పండేవట. నేను వెళ్ళేసరికి సగానికి సగం పత్తికి తిరిగిపోయాయి. పురుగుని తట్టుకునే జీన్ పెట్టిన పత్తికి అనుమతి ఎప్పుడో వచ్చింది, అందరూ వేస్తున్నదే. ఆ ఏడాది ఊళ్ళలోకి దిగింది వేరు. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన జీన్ ఇంకొకటి అందులో ఉంది. చేను మొత్తం మీద గడ్డిమందు కొట్టేస్తే కలుపంతా మాడిపోతుంది, పత్తి మొక్క మాత్రం ఏమీ జరగనట్టు నిలబడుతుంది. ఈ విత్తనానికి అనుమతి లేదు. చూడవలసిన పరీక్షలు పూర్తి కాలేదు. అయినా ఎవరెవరో మోటారు సైకిళ్ళ మీద, పేరు లేని పాకెట్లలో తెచ్చి అమ్మేసి పోయారు. రైతులు దానికి గడ్డిమందు పత్తి అని పేరు కూడా పెట్టుకున్నారు.

అలాంటి చేలు పట్టుకోమని, పట్టుకున్నవి దున్నించేయమని పైనుంచి ఆదేశాలు వచ్చాయి. పరీక్షకి చిన్న పెట్టె ఇచ్చారు. ఆకు ముక్కని గొట్టంలో వేసి నలిపి, నీళ్ళలాంటి మందు పోసి, అందులో కాగితపు పట్టీ ముంచాలి. ఒక గీత కనిపిస్తే మామూలు పత్తి, రెండు గీతలు కనిపిస్తే దొంగ పత్తి. నాకు అంతవరకే తెలుసు.

అంతకంటే ఎక్కువ తెలిసిన మనిషి మా ఆఫీసులో ఒకామె ఉండేది. కోటబొమ్మాళి వైపు వరి రైతుల ఇంటి పిల్ల. బయోటెక్నాలజీలో పీజీ చేసి, వేరే ఉద్యోగం దొరక్క మా దగ్గర కాంట్రాక్టు మీద విస్తరణాధికారిగా చేరింది. జీన్ల మార్పు అనగానే నేను మొహం చిట్లించేవాణ్ణి. ఒకరోజు నేను భోజనానికి ముందు సూది వేసుకుంటుంటే చూసి, ఆ ఇన్సులిన్ ఎలా తయారవుతుందో తెలుసా సార్ అని అడిగింది. మనిషి జీన్ ని సూక్ష్మజీవిలో పెడితే అది తయారు చేసి ఇస్తుందట. పన్నెండేళ్ళుగా పొట్టలో పొడుచుకుంటున్నాను, నాకా సంగతే తెలియదు. మరి ఈ పత్తి కూడా మంచిదేనా అంటే, మంచిదో చెడ్డదో పరీక్షించి చెప్పాలి, పరీక్షించకముందే చేలో వేసెయ్యడం తప్పు అంది. నాకు ఆ జవాబు చప్పగా అనిపించింది. అటో ఇటో తేల్చి చెబితేనే రైతు వింటాడని నా అనుభవం.

శ్రావణమాసంలో ఒక ఊళ్ళో బడి వరండా మీద రైతుల సమావేశం పెట్టాను. అరవై మంది వచ్చారు. ఆ పత్తి మేమెరగం అన్నారు. గట్ల మీద గడ్డి మందుకి ఎండి ఎర్రగా కనబడుతూనే ఉంది. నాకు కోపం వచ్చింది. ఆ ముందురోజే ఎవరో నా ఫోనుకి పంపిన వీడియో గుర్తొచ్చింది. అందులో చూసినదానికి నా పైత్యం కొంత కలిపి మొదలుపెట్టాను. ఆ విత్తనంలో విషం ఉందన్నాను. ఆకు మేసిన పశువులు చూలు నిలవక ఈసుకుపోతాయన్నాను. ఆ చేలో తిరిగిన ఆడవాళ్ళకి పుట్టే పిల్లలు చెయ్యి వంకరో కాలు వంకరో లేకుండా పుట్టరన్నాను.

స్తంభం వెనక నిలబడిన ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, మెల్లగా అడిగింది.

"బాబూ, మందు కొట్టిన మర్నాడు గట్టు మీది తోటకూర కోసి వండుకుంటే ఏటవుతాది?"

నేనామె వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. "ఇంకేముందమ్మా, అయిపోయినట్టే," అన్నాను.

సాయంత్రానికి ముగ్గురు రైతులు ఖాళీ పాకెట్లు తెచ్చి నా ముందు పడేశారు. నా మాట పనిచేసిందని ఛాతీ విరుచుకుని జీపెక్కాను. దారిలో మా విస్తరణాధికారిణి, ఆ చేతులూ కాళ్ళ సంగతి ఎక్కడ చదివారు సార్ అని అడిగింది. ఎక్కడైతేనేం, పాకెట్లు బయటికొచ్చాయి కదా అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి, "ఆ తోటకూర అడిగిన అమ్మాయి కడుపుతో ఉంది సార్. ఐదో నెల," అంది.

నేను విన్నాను. విని, రేపు ఏయే చేలు దున్నించాలో జాబితా రాసుకున్నాను. ఇప్పటికీ నాకు భయం వేసేది ఆ జాబితా తలుచుకుంటేనే. అంత మాట విన్నాక కూడా ఎలా రాశానో నాకు తెలియదు.

మూడో రోజు దున్నించిన చేను ఆ అమ్మాయి భర్తదే. ఎకరన్నర. మొక్కలు మోకాలెత్తు ఎదిగి, పూత పట్టబోతున్నాయి. రెండు గీతలు పడ్డ పట్టీ చూపించాను. అతను దాని వైపు చూడకుండా చేను వైపే చూశాడు. ట్రాక్టరు దిగబోతుంటే ఒక్కటే మాట అడిగాడు.

"మా ఆడోలు యేటా రెండు నెలలు ఒంగి కలుపు తీసేవోరు. మా యమ్మకి నడుం పోనాది. ఈయేడు ఒక్క పూటలో అయిపోనాది. ఒంగక్కర్నేకపోవడం తప్పా బాబూ?"

తప్పు కాదు. కానీ ఆ మాట నేను పైకి అనలేదు. అనుమతి లేని విత్తనం అన్నాను. ట్రాక్టరు నడిచింది. అతని తల్లి గట్టు మీద కూర్చుని నడుం పట్టుకుని చూస్తూ ఉంది. కోడలు రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు.

మర్నాడు పదకొండు గంటలకి ఆ ఊరి ఆశా కార్యకర్త మా విస్తరణాధికారిణికి ఫోను చేసింది. అత్తాకోడళ్ళిద్దరూ పొద్దున్న ప్యాసింజరు బండిలో కొత్తవలస వెళ్ళారట. అక్కడ అత్త చెల్లెలి ఇల్లుంది. ఆ వీధిలో, ఒకప్పుడు ఎక్కడో నర్సు దగ్గర పనిచేసి, ఇప్పుడు ఇళ్ళకొచ్చి కడుపులు తీసే మనిషి ఒకతె ఉందట. వంకర బిడ్డని కని జీవితమంతా ఏడ్చేకంటే ఇప్పుడే వదిలించుకోవడం మేలని ఇంట్లో తేల్చేశారట. కోడలు రెండు రోజులుగా అన్నం ముట్టలేదట.

నా ఒంట్లో నీరసం దిగినట్టయింది. సూది వేసుకున్నాక తినలేదేమో అనుకున్నాను. అది కాదు. ఐదో నెల కడుపు, చదువులేని చెయ్యి, ఎవరిదో పాక, బిడ్డతో పాటు తల్లి కూడా మిగలకపోవచ్చు. ఆ ఆలోచన వెంటే ఇంకోటి వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. ఆ అమ్మాయికి ఏమైనా అయితే బడి వరండా మీద నేనన్న మాట పేపర్లో వస్తుందని, పెన్షను ఆగిపోతుందని.

"ఇది ఆరోగ్యశాఖ వాళ్ళు చూసుకోవాలి. వాళ్ళకి చెబుదాం," అన్నాను.

"వాళ్ళకి చెప్పేశాను. వాళ్ళు వెళ్తారు, ఎప్పటికి వెళ్తారో తెలీదు. మాట మాత్రం మన శాఖదే కదా సార్," అంది.

జీపులో బయల్దేరాం. గజపతినగరం మీదుగా కొత్తవలస రెండు గంటల పైనే ప్రయాణం. దారంతా వర్షపు మబ్బు. వరి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు వంగి కనిపిస్తున్నారు. ప్రతి ఒక్కరూ నాకు ఆ అమ్మాయిలాగే కనిపించారు. ఏం చెప్పాలో మనసులో తయారు చేసుకుంటున్నాను, మాట కుదరడం లేదు. పక్కన కూర్చున్న పిల్లకి కూడా భయంగానే ఉందని, సంచీ తాడు వేలికి చుట్టుకుని విప్పడం చూస్తే తెలిసింది. నీకేం భయం, నువ్వేమీ అనలేదు కదా అన్నాను. అనాల్సిన చోట నేను కూడా ఊరుకున్నాను సార్ అంది. వరండా మీద అందరి ముందు అధికారి మాట కాదంటే ఉద్యోగం ఉండదని ఊరుకుందట.

స్టేషను వెనక సందులో ఆ ఇల్లు కనుక్కునేసరికి రెండు దాటింది. ఇనుప ఖనిజం గూడ్సు బండి వెళుతోంది, ఇల్లంతా సన్నగా అదురుతోంది. పెరట్లో చాప మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది. పక్కన గిన్నెలో ఏదో కషాయం, ఇంకా తాగలేదు. ఆ మనిషి మూడింటికి వస్తానందట. ఖాళీ కడుపుతో ఉండమందట.

నన్ను చూసి అత్త లేచి నిలబడింది. చేను దున్నించినవాడు ఇక్కడికి కూడా ఎందుకొచ్చాడని ఆమె కళ్ళలో ఉంది. నేను చెప్పులు విడిచి, తయారు చేసుకున్నదంతా మరిచిపోయి, ఉన్నమాట అనేశాను. బడి దగ్గర చెప్పింది అబద్ధం అన్నాను. పిల్లలు వంకరగా పుడతారని ఎవరూ రుజువు చేయలేదు, మీరు పాకెట్లు బయటపెట్టాలని భయపెట్టాను అన్నాను.

అత్త ఒక అడుగు ముందుకు వేసింది.

"అప్పుడు నిజమని సెప్పినారు. ఇప్పుడు అబద్దమని సెప్తన్నారు. రెండూ మీ నోటితోనే సెప్పినారు. మేం ఏది అట్టుకోవాల బాబూ?"

కంగారులో ఇంకో తప్పు చేశాను. బిడ్డకి ఏమీ కాదమ్మా, నాదీ పూచీ అన్నాను. అన్న మరుక్షణమే, ఇది కూడా నాకు తెలియని మాటే అని తెలిసింది.

అప్పుడు మా విస్తరణాధికారిణి వెళ్ళి చాప మీద ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. సార్ పూచీ ఇవ్వలేరు, నేనూ ఇవ్వలేను అని మొదలుపెట్టింది. పత్తిలో పెట్టిన జీన్ చేలో తిరిగినంత మాత్రాన మనిషిలోకి రాదని చెప్పింది. గడ్డిమందు వేరు సంగతి, తాగితే ప్రమాదమే, ఎక్కువగా ఒంటి మీద పడినా మంచిది కాదు, ఒకసారి కూరలో కొంచెం వెళ్ళినందుకు బిడ్డ పాడవుతుందని మాత్రం తనకి తెలిసినంతలో ఎవరూ చెప్పలేదంది. పెద్దాసుపత్రిలో స్కాను తీస్తారు, అందులో అన్నీ కాకపోయినా చాలా కనబడతాయి. ఇక్కడ ఈ చాప మీద జరగబోయేదానిలో ప్రాణమే పోవచ్చు, ఆ సంగతి మాత్రం ఖాయంగా తెలుసు అంది. గొంతు ఒక్కచోట కూడా పెంచలేదు.

ఆ అమ్మాయి అత్త వైపు చూడలేదు, నా వైపు అసలే చూడలేదు.

"అక్కా, నువ్వయితే ఏటి సేస్తావు?"

"స్కాను తీయించుకుంటాను. చూశాక ఏం చెయ్యాలో నేనే అనుకుంటాను. భయపడుతూ మాత్రం ఏదీ చెయ్యను."

ఇంకో గూడ్సు బండి వెళ్ళింది. తర్వాత ఆ అమ్మాయి కషాయం గిన్నెని చేత్తో పక్కకి జరిపి, "సిన్నత్తా, ఆకలేస్తంది," అంది. ఆ ఇంటావిడ గబగబా లోపలికి వెళ్ళి చద్దన్నం, ఎండుచేప ముక్క తెచ్చిపెట్టింది. ఆమె తింటుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఆ సాయంత్రమే విజయనగరంలో స్కాను తీశారు. ఇందులో కనబడినంతవరకు బాగానే ఉంది, అన్నీ ఇందులో కనబడవు అంది డాక్టరు. బయటికి రాగానే ఆ అమ్మాయి ఉంచుకుంటాను అంది.

మీరనుకుంటారు, అక్కడితో నా భయం తీరిపోయిందని. అసలు భయం అప్పుడే మొదలైంది. నాలుగు నెలలు. వారానికోసారి ఏదో ఒక వంక పెట్టుకుని ఆ ఊరు వెళ్ళేవాణ్ణి. చేను దున్నించిన చోట ఉలవలు వేయించాను, ఉలవలు చూడ్డానికని వెళ్ళేవాణ్ణి. చూసేది ఆ ఇంటి గుమ్మం వైపు. ఆమె నీళ్ళ బిందె దించుతూ కనిపిస్తే ఆ వారం గడిచేది. కనబడకపోతే ఆశా కార్యకర్తకి ఫోను చేసేవాణ్ణి. బిడ్డకి ఏ చిన్న లోపం ఉన్నా అది నా పూచీ. దేనివల్ల వచ్చిందో ఈ భూమ్మీద ఎవరూ తేల్చలేకపోయినా సరే, ఆ ఇంట్లో మాత్రం తేలిపోతుంది. విత్తనం వల్ల అంటారు, సారే చెప్పాడు కదా అంటారు.

ఆ నెలల్లోనే నేను చదవడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరినప్పుడు చదవాల్సినవి, దిగిపోయే ముందు. మా విస్తరణాధికారిణి తెచ్చిచ్చేది, అర్థం కానివి చెప్పేది. కలుపు తీసే ఆడవాళ్ళ నడుములు నిలబెట్టగల విత్తనమే, అదే గడ్డిమందుకి చావని కలుపుని కూడా పుట్టించగలదని తెలిసింది. గాలికి పుప్పొడి పక్క చేనుకి పోతుందని, పక్క రైతుకి ఇష్టం ఉన్నా లేకపోయినా పోతుందని తెలిసింది. చదివేకొద్దీ ఖాయంగా చెప్పగలిగేవి తగ్గిపోయాయి. పైకి పంపే రిపోర్టులో మాత్రం అన్నీ ఖాయంగానే రాయాలి. అలాగే రాశాను.

మార్గశిరంలో, చలి బాగా పడుతున్న రోజుల్లో, ఆ భర్త మా ఆఫీసుకి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఆడపిల్ల పుట్టింది, ఓపాలి మీరు రావాలి అన్నాడు. బాగుందా అని అడిగాను. వచ్చి సూడండి అన్నాడు.

మా విస్తరణాధికారిణిని కూడా తీసుకుని అతని వెంట వెళ్ళాను. ఇంట్లో కుంపటి పక్కన ఆ అమ్మాయి పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉంది. పిల్ల నిద్రపోతోంది, బొద్దుగా ఉంది. గుడ్డ తొలగించి కుడిచెయ్యి బయటికి తీసింది. చిటికెనవేలు పక్కన ఇంకో వేలు. బియ్యపుగింజంత గోరుతో, చిన్న తొడిమలా వేలాడుతోంది.

"ఏటి బాబూ ఇది?" అంది. కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది.

చెయ్యి వంకరో కాలు వంకరో అన్నది నేనే. మా విస్తరణాధికారిణి నా పక్కనే ఉంది, కానీ ఈసారి ప్రశ్న నన్నే అడిగారు. ఏమీ కాదనడానికి మాట నాలుక చివర దాకా వచ్చింది.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాను."

అన్నేళ్ళ సర్వీసులో ఒక రైతు ఇంట్లో నిలబడి ఆ మాట అనడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ అమ్మాయి పిల్లకి గుడ్డ చుట్టి లేచింది. అత్త కూడా వస్తానంది.

పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు పిల్లని తిప్పి తిప్పి చూశాడు. గుండె విన్నాడు, కాళ్ళు చూశాడు. పిల్ల ఆరోగ్యంగా ఉంది, ఈ వేలులో ఎముక కూడా లేదు అన్నాడు. నేను విత్తనం సంగతి, గడ్డిమందు సంగతి, నేనన్న మాట సంగతి దాచకుండా చెప్పాను. ఆయన విని, ఆ మందు గురించి నేను ఏమీ చెప్పలేను, ఇలాంటి వేలు మాత్రం చాలా ఇళ్ళలో వంశంలో వస్తుంది, మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉందా అని తల్లిని అడిగాడు. మా వైపు లేదు అంది. భర్త తనకి లేదన్నాడు, చేతులు చాపి చూపించాడు.

అత్త గోడ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. ఎవరూ ఆమెని అడగలేదు. కొంగులోంచి తన కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. చిటికెనవేలు మొదట్లో, పక్కవైపు, తెల్లటి మచ్చ. మినపగింజంత ఉంది.

"నాకూ ఉండీదట. పురిట్లోనే మా యమ్మ ఎంట్రిక కట్టి రాల్చీసింది," అంది. "పెళ్ళికి అడ్డమని ఎవులికీ సెప్పొద్దన్నాది. సెప్పనేదు. ఆయనకీ సెప్పనేదు."

డాక్టరు ఆ మచ్చని వేలితో తాకి చూసి, ఇదే అన్నాడు. విత్తనం గురించి నాకు ఆ రోజు కొత్తగా ఏమీ తెలియలేదు, ఇవాళ్టికీ తెలియదు. వేలు గురించి మాత్రం తెలిసింది.

కోడలు అత్త చేతినే చూస్తోంది. ఆ చెయ్యే తనని ప్యాసింజరు బండి ఎక్కించింది.

"నీకున్నాదని మీ యమ్మ నిన్ను ఒదులుకోనేదు కదత్తా," అంది.

అత్త తలెత్తలేదు. కన్నీళ్ళు మచ్చ ఉన్న చేతి మీదే పడ్డాయి. తుడుచుకోలేదు.

కాసేపాగి డాక్టరు, ఇది తీసెయ్యడం చిన్న పని, తీసెయ్యమంటారా అని అడిగాడు. భర్త తల్లి వైపు చూశాడు. తల్లి కోడలి వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను, అది నేను చెప్పవలసిన మాట కాదు.

"దానివల్ల పిల్లకి ఏటైనా నొప్పా?" అని అడిగింది ఆ అమ్మాయి.

నొప్పేమీ లేదన్నాడు డాక్టరు.

"అయితే ఉండనీండి," అని పిల్లని తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెట్టింది.